ఊడని అడ్డంగా నడిపించిన వాళ్లు

నోంగ్రియాట్‌లో ఒక బస్తా సిమెంటు అంటే ఒక మనిషి మెడ. మేఘాలయలో సోహ్రా పీఠభూమి, మనం బళ్లో చిరపుంజి అని చదువుకున్నది, దక్షిణాన ఒక్కసారిగా లోయల్లోకి విరిగి పడుతుంది. ఆ అంచున టిర్నా అనే ఊరి దగ్గర రోడ్డు ఆగిపోతుంది. అక్కణ్ణుంచి కిందికి 3,000కు పైగా మెట్లు. బియ్యమైనా, గ్యాసు బండైనా, కప్పు మీదకి రేకైనా నోంగ్రియాట్ చేరాలంటే ఒక మనిషి వాటిని వెదురు బుట్టలో పెట్టుకుని, బుట్ట పట్టీని నుదుటికి తగిలించుకుని, బరువంతా మెడ మీద ఆపుకుంటూ ఆ మెట్లు దిగాలి. నేను బస చేసిన గెస్ట్‌హౌస్‌లో మంచం, పరుపు, బకెట్టు, కిటికీ అద్దం, అన్నీ అలా దిగినవే. గదికి వాళ్లు అడిగింది రాత్రికి కొన్ని వందల రూపాయలు. ఆ మెట్లు నా వీపు సంచీతో నేను దిగాక గానీ ఆ ధర ఎంత తక్కువో అర్థం కాలేదు.

అదే ఊళ్లో ఎవరూ మోసుకురాని కట్టడం ఒకటుంది. ఉమ్‌షియాంగ్ వాగు మీద, ఒకదాని పైన ఒకటిగా రెండు అంతస్తుల వంతెన. దాని బలం ఏ మేకులోనూ లేదు, ఏ సిమెంటులోనూ లేదు. గట్టున నిలబడిన చెట్టు ఊడల్ని మనుషులు పట్టుకుని, వాగు దాటించి, అవతలి గట్టున నేలలో నాటారు. ఆ ఊడలే లావెక్కి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, దారి అయ్యాయి. ఇలాంటి వంతెనల్నే ఇక్కడి ఖాసీల భాషలో జింగ్‌కియెంగ్ జ్రి అంటారు. ఫొటోల్లో చూసి అద్భుతమనుకోవడం తేలిక. దగ్గర కూర్చుని పనితనంగా చూడడానికి మాత్రం సమయం కావాలి, అందుకు ఆ ఊళ్లోనే పడుకోవాలి. పొద్దున పదింటికి రావడం మొదలెట్టే సందర్శకులు మధ్యాహ్నం మూడింటికల్లా మళ్లీ మెట్లెక్కడం మొదలెడతారు, చీకటి పడేలోగా పైకి చేరాలి కాబట్టి. వాళ్లు రాకముందు, వాళ్లు వెళ్లాక, వంతెన ఊరివాళ్లదీ బస చేసినవాళ్లదీ. ఒంటరిగా వచ్చిన మనిషికి ఇంకో సౌకర్యం ఉంది. ఒకే రాతి మీద ఎన్ని గంటలు కూర్చున్నా, ఇక పద అనేవాళ్లు ఉండరు.

గది గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. పలకల గోడ, రేకు కప్పు, దోమతెర, వరండాలో ఒక బెంచీ. వేణ్ణీళ్లు కావాలంటే బకెట్టుకింత. రాత్రి అందరికీ ఒకే బల్ల మీద భోజనం: అన్నం, పప్పు, బంగాళాదుంప కూర, అడిగితే కోడిగుడ్డు. పొద్దున పాలు కలపని ఎర్రటి టీ. ఇంటావిణ్ణి అందరూ 'కాంగ్' అనే పిలుస్తారు, మనం అక్కా అన్నట్టు. ఖాసీల్లో ఇంటిపేరు తల్లి వైపు నుంచి వస్తుంది, తరాల ఇల్లు అందరికంటే చిన్న కూతురికి దక్కుతుంది. ఆ ఇంట్లో లెక్కలు రాసేదీ, గదులు ఇచ్చేదీ, ఎవరికి ఎంత అన్నం వడ్డించాలో చూపుతోనే కొలిచేదీ ఆవిడే. అతిథి రాగానే తమలపాకు, సున్నం, పచ్చి వక్క చేతిలో పెట్టడం వాళ్ల మర్యాద. దాన్ని క్వాయ్ అంటారు. మన వక్కపొడి అలవాటున్నవాళ్లు జాగ్రత్తగా నమలాలి. మొదటిసారికి చెవులు వేడెక్కి చెమట పడుతుంది.

ఆ వక్క ఊరికే రాలేదు ఈ కథలోకి. లోయ నిండా పోక చెట్లే. వాటి మొదళ్లలో తమలపాకు తీగలు, మధ్యలో మిరియాల తీగలు, పనసలు, పైన వాలు మీద చీపురు గడ్డి, తేజపత్రి చెట్లు. హైదరాబాద్ బిర్యానీ హండాలో పడే ఆకుల్లో ఈ కొండలవీ ఉంటాయి. ఈ దక్షిణ వాలు మనుషుల్ని 'వార్' ఖాసీలంటారు. వాళ్ల బతుకంతా తోటకీ ఊరికీ, ఊరికీ సంతకీ మధ్య నడక. దేశ విభజనకు ముందు ఆ నడక కిందనున్న సిల్హెట్ మైదానాల దాకా సాగేది. వక్క, తమలపాకు, నారింజ అక్కడ అమ్మి, బియ్యం, చేపలు, ఉప్పు తెచ్చుకునేవాళ్లు. 1947లో గీసిన గీత ఆ సంతల్ని వేరే దేశం చేసింది. ఆ దారుల్లో అడుగడుగునా ఒక వాగు అడ్డం. చలికాలంలో ఆ వాగు రాళ్ల మధ్య నీలంగా నిలిచిన మడుగులా ఉంటుంది, పిల్లలు కూడా దాటేస్తారు. వానాకాలం సంగతి వేరు.

ఎంత వేరో అంకెల్లో చూస్తేనే తెలుస్తుంది. అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. సోహ్రాలో 1995 జూన్ 16న ఒక్కరోజులో 1,563 మిల్లీమీటర్లు పడింది. 1860 ఆగస్టు నుంచి 1861 జూలై దాకా పన్నెండు నెలల్లో 26,461 మిల్లీమీటర్లు. ఇప్పటికీ చెరగని రికార్డు అది. బంగాళాఖాతం మీదుగా వచ్చిన మబ్బు, మైదానం మీద అడ్డేమీ లేకుండా సాగి, ఒక్కసారిగా ఈ కొండగోడకు తగిలి పైకి లేచి కుండపోతగా కురుస్తుంది. ఆ నీరంతా ఈ ఇరుకు వాగుల్లోంచే దిగాలి. వెదురు వంతెన కడితే కొన్నేళ్లకే కుళ్లుతుంది. మాను అడ్డం వేస్తే పుట్టగొడుగులు మొలిచి మెత్తబడుతుంది. ఇనుము తుప్పు పడుతుంది. చచ్చిన వస్తువు దేన్ని పెట్టినా ఆ తేమ తినేస్తుంది. ఆ తేమలో ఏటికేడు బలపడేది బతికి ఉన్న చెట్టు ఒక్కటే. ఈ ఆలోచన మొదట ఎవరికి తట్టిందో, ఆ మనిషి పేరు ఏ శాసనంలోనూ లేదు.

ఆ చెట్టు మనకి కొత్తది కాదు. శాస్త్రీయ నామం ఫైకస్ ఎలాస్టికా. హైదరాబాద్‌లో, విశాఖలో అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో కుండీల్లో పెంచే నున్నటి, దళసరి ఆకుల రబ్బరు మొక్క ఇదే. కుండీలో మర్యాదగా ఉండే ఆ మొక్క ఈ లోయలో బండ మీదెక్కి కూర్చుంటుంది. మర్రి, రావి, మేడి దీని దాయాదులు. వాటిలాగే దీని గింజ మట్టి లేకపోయినా బండ పగులులోనో వేరే చెట్టు కొమ్మ సందులోనో మొలకెత్తి, అక్కణ్ణుంచి వేళ్లని నేల వెతుక్కోవడానికి పంపుతుంది. కాండం నుంచీ కొమ్మల నుంచీ ఊడలు దిగుతాయి.

ఊడ ఏం చేయగలదో తెలుగువాళ్లకి చెప్పనక్కర్లేదు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను సుమారు ఐదెకరాల మేర పరుచుకుంది. దిగిన ప్రతి ఊడా నేల తాకి మానుగా మారబట్టే అది అంత అయింది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చీడ పట్టినప్పుడు 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించి మరీ కాపాడుకున్నాం. మన ఊడలు నిలువునా దిగి కొమ్మకి నిట్టాళ్లు అయ్యాయి. ఖాసీలు చూసింది ఆ గుణాన్నే. ఊడకి నేల కావాలి, ఏ నేలైనా సరే. దగ్గరి నేల అందకుండా చేసి దూరపు నేల దాకా దారి చూపితే, అది అడ్డంగా కూడా నడుస్తుంది.

దారి చూపించే పనిముట్టు పోకమాను. కొట్టిన పోకమానుని నిలువునా చీల్చి, లోపలి మెత్తటి భాగం తొలిచేస్తే పొడవాటి దోనె వస్తుంది. దాన్ని వాగుకి అడ్డంగా పెట్టి, లేతగా, తాడులా వంగే ఊడల్ని అందులోకి మళ్లిస్తారు. కొన్నిచోట్ల దోనెకి బదులు వెదురు కట్టడం మీద ఊడల్ని పాకిస్తారు. మన పెరట్లో పొట్లకాయ చివర చిన్న రాయి కట్టి వంకర పోకుండా పెంచుతామే, చెయ్యి చేసే పని ఇక్కడా అంతే. బలం చెయ్యి ఇవ్వదు. ఎటు పోవాలో మాత్రం చెబుతుంది. అవతలి గట్టు చేరిన ఊడ కొసని మట్టిలో పాతుతారు. ఈలోగా వెదురు కుళ్లుతుంది, మళ్లీ కడతారు. పోకమాను కుళ్లుతుంది, ఇంకొకటి పెడతారు. మనిషి ధైర్యంగా నడవగల వంతెన కావడానికి 15 నుంచి 30 ఏళ్లు పడుతుంది. మొదటి ఊడని మళ్లించినవాడు ఆ వంతెన మీద నడిచినా, దాని నిండు వయసు చూడడు. అది అతని మనవలకి.

ఊడ నేల తాకాక ఏమవుతుందో వృక్షశాస్త్రం కొంత చెబుతుంది. ఇదే కుటుంబంలోని ఫైకస్ బెంజమినా ఊడల్ని పరిశీలించిన జిమ్మర్‌మాన్, వార్‌డ్రాప్, టామ్లిన్‌సన్ 1968లో ఒక సంగతి ప్రకటించారు. కొస మట్టిలో పట్టు దొరకగానే ఊడ లోపల ప్రత్యేకమైన కలప పుడుతుంది. ఆ కలప కుంచించుకుంటుంది. దాంతో అప్పటిదాకా వదులుగా వేలాడిన ఊడ తనంతట తానే బిగుసుకుంటుంది. ఇక రెండు ఊడలు ఒరుసుకున్న చోట జరిగేది మామిడి అంటు కట్టే సూత్రమే. బెరడు అరిగి, లోపలి పచ్చి పొర పచ్చి పొరకి తగిలి, ఆ రెండూ ఒకటే కలపగా పెరుగుతాయి. ముడి వేసిన తాడు విప్పుకోవచ్చు, వదులవచ్చు. ఇక్కడ వేసిన ముడి కాలం గడిచేకొద్దీ ముడిగా ఉండడం మానేసి ఒకే కలప అయిపోతుంది.

ఇవన్నీ తెలుసుకున్నాక వాగులోకి దిగి, వంతెన అడుగు భాగాన్ని చూడాలి. పై నుంచి చూస్తే రాళ్లు పరిచిన దారే కనిపిస్తుంది. పనితనమంతా కింద ఉంది. ముందుగా కంటికి ఆనేది తొడ లావు ఊడలు కొన్ని గట్టు నుంచి గట్టుకి దాదాపు సమాంతరంగా సాగడం. అడవిలో ఏ ఊడా అంత తిన్నగా పోదు. ఆ తిన్నదనం పోకమానుది. మాను ఎప్పుడో కుళ్లి వాగులో కలిసిపోయింది, దాని తిన్నదనం మాత్రం ఊడలో మిగిలిపోయింది. ఆ పెద్ద ఊడల కింద, వాటికి ఏటవాలుగా, మణికట్టు లావువి కొన్ని. వాటి కిందా మీదా వేలు లావువి. ఎక్కడ చూసినా సన్నది లావుదాన్ని చుట్టుకుంటూ వెళుతుంది గానీ ఏ ఒక్కటీ గాలిలో వదిలేసి లేదు. ప్రతి ఊడ కొసా ఇంకో ఊడ మీదికో, రాతి సందులోకో పోతుంది. కలిసిన చోట బెరడు ఉబ్బి, కలయిక గీత కూడా కొన్నిచోట్ల కనపడదు.

ఏది చెట్టు తనంతట చేసింది, ఏది మనిషి చేసింది అని విడదీయడానికి చాలాసేపు ప్రయత్నించాను. కొన్నిచోట్ల తేలుతుంది. ఊడ సహజంగా కిందికి వేలాడాల్సిన చోట మెల్లగా పక్కకి తిరిగితే, అక్కడ ఒక చెయ్యి పని చేసింది. ఆ మలుపు ఎక్కడా ఒక్కసారిగా తిరగదు. ఊడ విరగకుండా, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా తిప్పినట్టు నిదానంగా వంగి ఉంటుంది. పక్క పట్టు కోసం నడుము ఎత్తులో సాగిన ఊడల్నీ కింది ఊడల్నీ కలుపుతూ నిలువుగా వేసిన సన్న ఊడల్లో ఇది బాగా తెలుస్తుంది. నడిచేవాడి చెయ్యి ఎక్కడ వెతుక్కుంటుందో కచ్చితంగా అక్కడ పట్టు ఉంది. పిల్లవాడి చేతికి అందేలా ఒక వరస, పెద్దవాడికి ఒక వరస. నాకు ఈ వంతెనలో అన్నిటికంటే నచ్చింది ఆ రెండు వరసలే. బరువు ఆపడం ఎవరైనా ఆలోచిస్తారు. చిన్న చెయ్యిని కూడా లెక్కలోకి తీసుకున్నవాడు మంచి పనివాడు.

దారి పరచడంలోనూ అంతే శ్రద్ధ. ఊడల మధ్య సందుల్లో వాగు రాళ్లు దించారు. పెద్ద ఊడ వీపు పైకి తేలిన చోట రాయి పెట్టలేదు. అడుగుల ఒరిపిడికి ఆ వీపు నునుపెక్కి మెరుస్తుంటుంది. రాతికీ రాతికీ మధ్య మట్టి కూరారు. ఆ మట్టిలోకి కొత్త వేళ్లు దిగి రాళ్లని కదలకుండా పట్టుకున్నాయి. వాన నీరు నిలవదు, ఎక్కడికక్కడ కిందికి జారిపోతుంది. వరద పొంగినా నీటికి ఎదురు నిలిచే గోడ ఇందులో లేదు. వాగు మధ్యలో ఒక్క స్తంభమూ లేదు. కింది అంతస్తుని వరద అందుకుంటోందని పైన రెండోది పెంచారని ఊళ్లో చెబుతారు. ఒకే చెట్టు ఊడలు రెండు ఎత్తుల్లో వాగు దాటాయి. మొదటిది పనికిరానిదైందని కొట్టేయలేదు, దాన్నీ సాకుతూనే ఉన్నారు.

ఈ చెట్టుని పుస్తకంలోకి ఎక్కించిన మనిషికీ మన గోదావరి సీమకీ సంబంధం ఉంది. సామర్లకోటలో తోట పెంచి, కోరమాండల్ తీరపు మొక్కల్ని బొమ్మలు వేయించి, వాటి తెలుగు పేర్లతో సహా నమోదు చేసిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానవనానికి అధికారిగా వెళ్లాడు. 1810 చివర్లో సిల్హెట్ నుంచి ఒకాయన ఆయనకి తేనె పంపాడు. ఈ కొండల్లోంచి దిగిన తేనె అది. చీల్చిన పేము బద్దలతో అల్లిన ముతక బుట్టలో వచ్చింది. అల్లిన బుట్టలో తేనె కారకుండా ఎలా నిలిచిందని చూస్తే, లోపలంతా ఒక చెట్టు పాలు పూసి ఉన్నాయి, పలుచటి రబ్బరు పొర. అలా ఆయన ఈ చెట్టుని తెలుసుకుని పేరు పెట్టాడు. చెట్టు కంటే ముందు ఆయన చేతికి అందింది ఆ కొండవాళ్ల పనితనం. తర్వాత బ్రిటిష్ వాళ్లు ఆ పాల కోసం అస్సాం అడవుల్లో ఈ చెట్లని గాట్లు పెట్టి పిండారు, తోటలు కూడా వేశారు. దక్షిణ అమెరికా రబ్బరు చెట్టు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. వంతెనలు మిగిలాయి.

వంతెనల్ని గురించి రాసిన తొలివాళ్లలో హెన్రీ యూల్ ఒకడు. సైన్యంలో ఇంజనీరు, అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. ఖాసీ కొండల మీద ఆయన రాసిన వ్యాసం 1844లో ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చింది. ఆ తర్వాత చాలాకాలం వీటిని బయటివాళ్లు వింతగా చూసి వదిలేశారు. కొలతబద్దతో చూసింది ఇటీవలే. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన ఫెర్డినాండ్ లుడ్విగ్, విల్‌ఫ్రిడ్ మిడిల్‌టన్, ఫ్రైబర్గ్‌కి చెందిన థామస్ స్పెక్ మొదలైనవాళ్లు 74 వంతెనల్ని పరిశీలించి 2019లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో ప్రచురించారు. వేల ఫొటోలు తీసి, వాటి నుంచి ఊడల అల్లికకి త్రీడీ నమూనాలు తయారు చేశారు. ఈ వంతెనకి ముందుగా గీసిన నక్షా ఉండదు కాబట్టి పెరిగాక గీయాల్సి వచ్చింది. పైనుర్స్‌లా వైపు రాంగ్‌థిల్లియాంగ్ దగ్గరున్న వంతెన 50 మీటర్లకు పైగా పొడవు. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో ఈ వంతెనల ప్రాంతం చేరింది.

ఖాసీ, జయంతియా కొండల్లో ఇదే చెయ్యి ఇంకో పనిలోనూ కనిపిస్తుంది. తమలపాకు తోటలకి వెదురు బొంగుల్లోంచి కొండ ఊటని మళ్లిస్తారు. బొంగు తర్వాత బొంగు, సన్నటి బొంగు, ఇంకా సన్నటిది. మొదట్లో నిమిషానికి 18 నుంచి 20 లీటర్లు పారే నీరు, వందల మీటర్లు దాటి మొక్క మొదట్లో నిమిషానికి 20 నుంచి 80 చుక్కలుగా రాలుతుంది. పంపు లేదు, మీట లేదు. నీరైనా ఊడైనా దాని స్వభావానికి ఎదురు వెళ్లరు. ఎంత తిప్పితే తిరుగుతుందో అంతే తిప్పుతారు.

పాత వంతెన గొప్పదే గానీ, పనిని అర్థం చేసుకోవాలంటే పూర్తి కానిదాన్ని చూడాలి. నోంగ్రియాట్ చుట్టుపక్కల వాగుల మీద ఇంకా పెరుగుతున్నవి ఉన్నాయి. అలాంటి ఒకదాని దగ్గర వెదుళ్లు ఇంకా పచ్చివే. వాటి మీద పాకుతున్న ఊడలు పెన్సిలు లావు. కొన్ని అవతలి గట్టు చేరాయి, కొన్ని వాగు మధ్యలోనే ఉన్నాయి. తోట నుంచి చీపురు గడ్డి మోపుతో వస్తున్న ఒక పెద్దాయన మోపు దించకుండానే ఆగి, జారి వేలాడుతున్న ఒక ఊడని రెండు వెదుళ్ల మధ్య దోపి, కొసని పక్క ఊడకి ఒక చుట్టు చుట్టి, తన దారిన తాను వెళ్లిపోయాడు. నిమిషం కూడా పట్టలేదు. ఈ వంతెనకి మేస్త్రి ఎవరని అడిగితే ఊళ్లో జవాబు దొరకదు. దాటిన ప్రతివాడూ మేస్త్రే. అలా జరిగే పని లెక్కకి అందదు, కూలీ పద్దులో రాయలేం, శిలాఫలకం వేయలేం. ఇంత తక్కువ ఆర్భాటంతో ఇంత మన్నికైన పని నేను ఇంకెక్కడా చూడలేదు.

అయితే ఆ నిమిషం పని ఎవరో ఒకరు చేస్తూ ఉండాలి. దారి మీద రాకపోకలు తగ్గితే ఊడలు వేలాడిపోతాయి, రాళ్లు జారతాయి. రోడ్డు, ఇనుప తీగల వంతెన వచ్చిన చోట పాత దారులు అడవిలో కలిసిపోయాయి. పేరు పడ్డ చోట ఇబ్బంది వేరు. ఒకేసారి గుంపులుగా నిలబడి ఫొటోలు దిగే బరువు, చెప్పుల కింద గట్టిబడిపోయి వేళ్లకి గాలి ఆడని మట్టి. రాంగ్‌థిల్లియాంగ్‌కి చెందిన మార్నింగ్‌స్టార్ ఖాంగ్‌తా అనే యువకుడు లివింగ్ బ్రిడ్జ్ ఫౌండేషన్ పెట్టి, ఊరూరా తిరిగి పాతవాటిని బాగుచేయిస్తూ, కొత్తవి మొదలెట్టిస్తున్నాడు. ఇప్పుడు మొదలెట్టినవి నడకకి వచ్చేది 2040ల్లో, 2050ల్లో.

వెళ్లదలచినవాళ్లకి కొన్ని సంగతులు. గువాహటి నుంచి షిల్లాంగ్, అక్కణ్ణుంచి సోహ్రా దాకా షేరింగ్ సుమోలు దొరుకుతాయి. టిర్నాకి పొద్దున్నే చేరుకోండి. సంచీ ఎంత తేలికైతే అంత మంచిది. నగదు పైనే తీసుకుని దిగండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మెట్లు పొడిగా ఉంటాయి, వాగులోకి దిగి వంతెన అడుగు చూడవచ్చు. వానల్లో అది కుదరదు. కనీసం రెండు రాత్రులు ఉండండి, రెండో రోజుకి గానీ కన్ను ఊడలకి అలవాటు పడదు. వంతెన మీద గుంపుగా ఆగకండి. పక్కన వేలాడుతున్న సన్నటి, ఎర్రటి కొసల ఊడలు కనిపిస్తే పట్టుకుని ఊగకండి, ఫొటో కోసం పక్కకి లాగకండి. వచ్చే ఇరవై ఏళ్లలో పక్క పట్టు అయ్యేవి అవే.